ఏఐప్యాక్ ఏడాది పొడవునా అసలు చేసే పనేంటి? లోపలి సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి

గుంటూరు_వాసు:

అందరికీ నమస్కారం. గ్రూప్-1కీ సివిల్స్‌కీ కలిపి చదువుతున్నాను. ఆప్షనల్ పొలిటికల్ సైన్స్. మన ఎన్నికల్లో పనిచేసిన ఐప్యాక్ గురించి కాదండీ ఈ ప్రశ్న, అమెరికాలో ఇజ్రాయెల్‌కి మద్దతు కూడగట్టే ఏఐప్యాక్ గురించి.

లాబీయింగ్ కోసం వాళ్ళు ప్రభుత్వానికి చూపించే ఖర్చు ఏడాదికి సుమారు 30 లక్షల డాలర్లే. అమెరికా మందుల కంపెనీల సంఘం దానికి ఎనిమిది, పది రెట్లు పెడుతుంది. అయినా 2016లో ఒబామా ప్రభుత్వం ఇజ్రాయెల్‌తో పదేళ్ళకు 3,800 కోట్ల డాలర్ల సైనిక సాయానికి ఒప్పందం చేసుకుంది. ఆ ఒబామాకీ నెతన్యాహూకీ పడేది కాదని అందరికీ తెలుసు. మరి ఇంత తక్కువ ఖర్చుతో అంత పని ఎలా జరుగుతోంది?

కోచింగ్‌లో సారు "మనీ పవర్" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. హాస్టల్ వాట్సాప్ గ్రూపులో అయితే "ప్రపంచాన్నంతా యూదులే నడుపుతున్నారు" అనే ఫార్వర్డ్‌లు. అది నేను నమ్మను, జవాబు పత్రంలో రాయను కూడా. నాకు కావాల్సింది జనవరి నుంచి డిసెంబర్ దాకా వాళ్ళు కూర్చుని ఏం చేస్తారన్నది. ఇంకొకటి, వేరే దేశం కోసం పనిచేస్తుంటే వాళ్ళని విదేశీ ఏజెంట్లుగా ఎందుకు నమోదు చేయరు?

యోంకర్స్_రావు:

వాసూ, నేను న్యూయార్క్ 16వ నియోజకవర్గంలో ఓటరుని. లోపలి సంగతులు నాకు తెలియవుగానీ, బయటికి ఎలా కనబడుతుందో చెప్తా.

2024 జూన్‌లో మా డెమోక్రటిక్ ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ఎన్నిక. అప్పటికి సభ్యుడు జమాల్ బోమన్. గాజా యుద్ధం మీద గట్టిగా మాట్లాడినవాడు. పోటీగా జార్జ్ లాటిమర్, మా కౌంటీకి పెద్ద. మే నెల నుంచే పోస్ట్ బాక్స్ తీస్తే దళసరి కార్డులు, టీవీ పెడితే ప్రకటనలు. వాటిలో ఇజ్రాయెల్ మాటే లేదు! "బైడెన్ తెచ్చిన రోడ్లు, వంతెనల బిల్లుకి బోమన్ వ్యతిరేకంగా ఓటేశాడు, సొంత అజెండా చూసుకుంటాడు" ఇదే పాట. కార్డు అడుగున చిన్న అక్షరాల్లో "యునైటెడ్ డెమోక్రసీ ప్రాజెక్ట్" అని ఉండేది. అది ఏఐప్యాక్ పెట్టిన సూపర్ ప్యాక్ (అభ్యర్థికి నేరుగా ఇవ్వకుండా ఎన్నికల్లో విడిగా ఎంతైనా ఖర్చుపెట్టగల సంస్థ) అని మా ఆవిడ వెతికితే తెలిసింది. ఆ ఒక్క సీటు మీద వాళ్ళు పెట్టింది 1.4 కోట్ల డాలర్లకు పైనే. ప్రతినిధుల సభ ప్రైమరీల్లో అంత ఖర్చు అంతకుముందు ఎక్కడా జరగలేదన్నారు. బోమన్ ఓడిపోయాడు.

ఆగస్టులో సెయింట్ లూయిస్‌లో సభ్యురాలు కోరీ బుష్‌దీ అదే కథ. అక్కడ సుమారు 85 లక్షల డాలర్లు.

పద్మజ_ఫెయిర్‌ఫాక్స్:

వాసు గారూ, మీ ప్రశ్న చూశాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. మాది బందరు. వాషింగ్టన్‌లో ఒక ప్రతినిధుల సభ సభ్యుడి ఆఫీసులో కొన్నేళ్ళు పనిచేశాను. మొదట నియోజకవర్గం నుంచి వచ్చే ఉత్తరాలకు జవాబులు రాసే ఉద్యోగం, తర్వాత విదేశాంగ ఫైళ్ళు నా చేతికొచ్చాయి. ఆయన పేరూ పార్టీ చెప్పను. నేను చెప్పేదానికి వాటితో పని లేదు కూడా, రెండు పార్టీల ఆఫీసుల్లోనూ ఇదే నడుస్తుంది.

రావు గారు చెప్పింది నిజమే. కాకపోతే ఆ ఎన్నికల డబ్బు వచ్చింది ఈమధ్యే, 2021 డిసెంబర్ తర్వాత. అంతకుముందు డెబ్బై ఏళ్ళపాటు ఆ సంస్థ ఏ అభ్యర్థికీ తన పేరున నేరుగా ఒక్క డాలర్ ఇవ్వలేదు. దాని సభ్యులు విడివిడిగా ఇచ్చుకునేవారు, అది వేరే. డబ్బు ఇవ్వని ఆ రోజుల్లో కూడా మా ఆఫీసులో వాళ్ళ మాటకి ఎదురుండేది కాదు. అదెలాగో అర్థమైతే మీ ప్రశ్నకి సగం జవాబు దొరికినట్టే.

అమెరికా ప్రభుత్వానికి ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. దానికి కావాల్సిన పద్దులు వసంతంలో కాంగ్రెస్ కమిటీల ముందుకొస్తాయి. ఏఐప్యాక్ పెద్ద మహాసభ ఎప్పుడు జరిగేదో చూడండి, ఎక్కువగా ఆ మార్చి నెల చుట్టూనే. 2020లో జరిగినదానికి 18,000 మందికి పైగా వచ్చారు. కరోనా తర్వాత ఆ జాతర మళ్ళీ పెట్టలేదు, చిన్న సమావేశాలతో సరిపెడుతున్నారు. బయటివాళ్ళకి తెలిసింది ఆ వేదిక మీద నాయకుల ఉపన్యాసాలే. మా స్టాఫ్‌కి మాత్రం అసలు రోజు చివరిరోజు. సభ ముగించి వేలమంది కాంగ్రెస్ ఆఫీసులుండే కాపిటల్ హిల్‌కి వచ్చేవారు, ఎవరి సభ్యుడి ఆఫీసుకి వాళ్ళు.

మా ఆఫీసు లాంగ్‌వర్త్ భవనంలో ఉండేది. ముందుగదిలో నాలుగు కుర్చీలే, వచ్చినవాళ్ళు పదిమందికి పైనే. గోడవారన నిలబడ్డారు. అందులో ఒకావిడ పిల్లల డాక్టరు, ఒకాయనకి తివాచీల షాపు, ఒకమ్మాయి కాలేజీలో చదువుతోంది. అందరూ మా నియోజకవర్గం ఓటర్లే, ఒక్కరు కూడా వాషింగ్టన్ లాబీయిస్టు కాదు. డాక్టరుగారు ముందు కిందటేడు మా సారు వేసిన ఓటుకి తారీకుతో సహా థ్యాంక్స్ చెప్పారు. తర్వాత అడగాల్సినవి అడిగారు. సైనిక సాయం పూర్తిగా, షరతులేవీ లేకుండా ఇవ్వాలి. ఫలానా నంబరు బిల్లుకి సారు కో-స్పాన్సర్‌గా చేరాలి. ఫలానా ఉత్తరం మీద సంతకం పెట్టాలి. అంతే. పావుగంటలో లేచారు. వెళ్ళేముందు నా వైపు తిరిగి "ఎప్పటికల్లా చెప్పగలరు?" అన్నారు. "సారుని కనుక్కుని చెప్తానండీ" అన్నాను. శుక్రవారం పొద్దున్నే ఆవిడ దగ్గర్నుంచి ఫోన్. సోమవారం ఇంకొకటి. ఆ బుధవారం సారు సంతకం పెట్టారు.

అదే నెలలో ఇంకా ఎన్నో బృందాలు వచ్చాయి. ఎక్కువమంది తమ బాధలు చెప్పుకున్నారు, ఫొటో దిగారు, పాంఫ్లెట్ ఇచ్చి వెళ్ళారు. మా సారు సాయంత్రానికి ఏం చేయాలో వాళ్ళు చెప్పలేదు. మళ్ళీ ఫోన్ చేయలేదు.

ఇందులో రహస్యమేం లేదండీ. ప్రతి నియోజకవర్గంలోనూ సభ్యుడితో పరిచయం నిలబెట్టుకోవడం ఒకరికి అప్పగించిన పని. చాలాసార్లు ఆ పరిచయం ఆయన కౌన్సిలర్‌గా ఉన్నప్పుడే మొదలవుతుంది. కాంగ్రెస్‌కి గెలిచి వచ్చేనాటికి ఆ డాక్టరుగారు ఆయనకి కొత్త మనిషి కాదు.

ఆ ఉత్తరాల్ని తక్కువగా చూడొద్దు. 1975లో అధ్యక్షుడు ఫోర్డ్, విదేశాంగ మంత్రి కిసింజర్ ఇజ్రాయెల్ మీద విసుగొచ్చి "మా విధానాన్ని పునఃపరిశీలిస్తాం" అన్నారు, కొత్త ఆయుధ ఒప్పందాలు ఆపారు. మే నెలలో 76 మంది సెనేటర్లు సంతకాలు పెట్టిన ఉత్తరం ఫోర్డ్ బల్ల మీదికి వచ్చింది. వందలో 76 మంది! దాని వెనక తిరిగింది ఏఐప్యాకే. తర్వాత ఆ పునఃపరిశీలన చల్లబడిపోయింది. ఉత్తరానికి చట్టబలం లేదు, కానీ రేపు ఓటింగ్ పెడితే ఎవరు ఎటుంటారో అది ముందే లెక్కతో సహా చెప్పేస్తుంది.

ఇప్పుడు 3,800 కోట్ల ఒప్పందం సంగతి. ఏడాదికి 330 కోట్ల డాలర్లు ఆయుధాలకు, 50 కోట్లు క్షిపణి రక్షణకు. ఒప్పందం ఉండగా ఏటా వీళ్ళు తిరగడం దేనికని మీకు అనిపించవచ్చు. ఆ ఒప్పందం చట్టం కాదు. ప్రతి ఏడాదీ కాంగ్రెస్ ఓటేసి ఆ డబ్బు విడుదల చేయాలి. అంకె తగ్గించాలని ఎవరో ఒక సవరణ తేవచ్చు, "పౌరుల మీద వాడకూడదు" అని ఒక వాక్యం చేర్చాలనవచ్చు. అలాంటి వాక్యం చేరకుండా చూసుకోవడమే ఏటేటా జరిగే పని. అంకె కంటే వాళ్ళు కాపలా కాసేది ఆ వాక్యం లేని ఖాళీ జాగానే.

ఇంకో చిన్న సంగతి చూడండి. ఈ సైనిక సాయం కింద మిగతా దేశాలకు డబ్బు విడతలవారీగా వెళ్తుంది. ఇజ్రాయెల్‌కి మాత్రం పద్దు చట్టమైన 30 రోజుల్లో మొత్తం ఒకేసారి న్యూయార్క్ ఖాతాలో పడుతుంది, దాని మీద వడ్డీ కూడా వస్తుంది. అలాగే ఇజ్రాయెల్‌కి పొరుగుదేశాల కంటే సైనికంగా పైచేయి ఉండేలా చూడటం అమెరికా చట్టంలోనే ఉంది, 2008 నుంచి. ఇలాంటివి ఒక్క రోజులో వచ్చినవి కావు. ఏడాదికో వాక్యం చొప్పున చేరుతూ వచ్చాయి. ఒకసారి చేరిన వాక్యాన్ని తర్వాతి ఏడాది ఎవరూ మళ్ళీ తెరిచి చూడరు.

ఆగస్టు గురించి చెప్పాలి. కాంగ్రెస్‌కి సెలవులు. ఎన్నికలు లేని బేసి సంవత్సరాల్లో, ముఖ్యంగా కొత్తగా గెలిచినవాళ్ళని, ఇజ్రాయెల్‌కి తీసుకెళ్తారు. 2007లో వచ్చిన నిబంధనల ప్రకారం లాబీయిస్టులను పెట్టుకున్న సంస్థ సభ్యుల్ని రోజుల తరబడి తిప్పకూడదు. అందుకని ఖర్చు పెట్టేది దాని అనుబంధ విద్యా ఫౌండేషన్. ఎథిక్స్ కమిటీ ముందే అనుమతిస్తుంది, లెక్కలు బయటికే వస్తాయి. 2011లో 81 మంది వెళ్ళారు, అంటే ప్రతినిధుల సభలో దాదాపు అయిదో వంతు. 2019లో 41 మంది డెమోక్రాట్లు, 31 మంది రిపబ్లికన్లు, రెండు పార్టీల పెద్దలూ దగ్గరుండి తీసుకెళ్ళారు.

మా సారు వెళ్ళొచ్చారు. హిట్లర్ కాలపు యూదుల నరమేధానికి గుర్తుగా కట్టిన యాద్ వషెమ్ స్మారకం చూశారు, గాజా సరిహద్దు ఊరు స్దెరోత్‌లో రాకెట్లు పడితే దాక్కునే గదులు చూశారు. రామల్లాలో పాలస్తీనా నాయకులతో కూడా ఒక సమావేశం ఉంది. తిరిగొచ్చాక ఆయన మనసులో నాటుకుపోయింది ఒక్కటే. నెతన్యా దగ్గర సముద్రానికీ వెస్ట్ బ్యాంక్‌కీ మధ్య ఇజ్రాయెల్ వెడల్పు పదిహేను కిలోమీటర్లేనట. ఆ తర్వాత ఏ ఓటింగ్ వచ్చినా ఆయన నోట ఆ పదిహేను కిలోమీటర్లే. అది నిజమైన కొలతే, భయమూ నిజమైనదే. కానీ గాజా లోపల ఒక ఇల్లు, ఒక బడి, ఒక ఆసుపత్రి ఆయన కళ్ళతో చూడలేదు. చూసినదాని గురించి మనిషి మాట్లాడతాడు. చూడనిదాని గురించి నేను రాసిచ్చిన నోట్ మూడు పేజీలు, ఆయన మొదటి పేజీ దాటలేదు.

గుంటూరు_వాసు:

పద్మజ గారూ, చాలా థ్యాంక్సండీ. ఇంత వివరంగా ఏ పుస్తకంలోనూ దొరకలేదు. డబ్బు లేకుండానే ఇంత నడుస్తుంటే మరి 2021లో సూపర్ ప్యాక్ ఎందుకు పెట్టారు? విదేశీ ఏజెంట్ ప్రశ్న కూడా అలాగే ఉండిపోయింది.

సుధాకర్_డాలస్:

నేను కొంచెం అడ్డం వస్తాను. ఏఐప్యాక్ బలాన్ని ఎక్కువ చేసి చెప్పడం, అందులో వాళ్ళే స్వయంగా చేసుకునే ప్రచారం, రెండూ ఉన్నాయి. పెద్ద పోట్లాటల్లో వాళ్ళు ఓడారు. 1981లో రీగన్ సౌదీకి అవాక్స్ నిఘా విమానాలు అమ్ముతానంటే సర్వశక్తులూ ఒడ్డారు, సెనేట్‌లో 52-48తో రీగనే గెలిచాడు. 1991లో ఇజ్రాయెల్ అడిగిన 1,000 కోట్ల డాలర్ల రుణ హామీలను అధ్యక్షుడు సీనియర్ బుష్ వాయిదా వేయించాడు. 2015లో ఇరాన్ అణు ఒప్పందాన్ని ఆపడానికి ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టి టీవీ నిండా ప్రకటనలు కుమ్మరించారు. సెనేట్‌లో 58-42 వచ్చింది, చర్చ ముగించి అసలు ఓటింగ్‌కి వెళ్ళాలంటే 60 కావాలి, అక్కడితో సరి. ఒప్పందం నిలిచింది.

అధ్యక్షుడు గట్టిగా పట్టుపడితే ఏ లాబీ ఏమీ చేయలేదు. ఇజ్రాయెల్‌కి సాయం అనేది ప్రచ్ఛన్న యుద్ధం నాటి నుంచి అమెరికా సొంత లెక్క. ఆ డబ్బులో అత్యధిక భాగం అమెరికా ఆయుధ కంపెనీలకే తిరిగొస్తుంది. మా టెక్సాస్ ఫోర్ట్‌వర్త్‌లో ఎఫ్-35 తయారీ ఫ్యాక్టరీ ఉంది. ఇక్కడి సభ్యుడికి ఇజ్రాయెల్ కొనుగోళ్ళ గురించి వేరే ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు. పైగా ఇక్కడి క్రైస్తవుల్లో ఇజ్రాయెల్ అంటే ప్రాణం పెట్టేవాళ్ళు కోట్లలో ఉన్నారు. పాస్టర్ జాన్ హేగీ 2006లో పెట్టిన సంస్థ ఒక్కటి చాలు. వాళ్ళు యూదులు కాదు, ఏఐప్యాక్ చెప్తే ఓటేసేవాళ్ళూ కాదు.

బోమన్ సంగతికొస్తే, ఆయన ప్రతినిధుల సభ భవనంలో ఫైర్ అలారం లాగి సభ చేత అధికారికంగా మందలింపు (సెన్షర్) తెచ్చుకున్నాడు. లాటిమర్ ఆ కౌంటీలో దశాబ్దాలుగా తెలిసిన మనిషి. డబ్బు లేకపోయినా కష్టంగానే ఉండేది.

యోంకర్స్_రావు:

సుధాకర్ గారూ, కష్టంగానే ఉండేది, ఒప్పుకుంటా. కానీ ఓటర్లకి ఇజ్రాయెల్ గురించి చెప్పి ఓట్లడిగి ఉంటే నాకు పేచీ లేదు. మా వెస్ట్‌చెస్టర్‌లో యూదు కుటుంబాలు బోలెడు. 2023 అక్టోబర్ 7 హమాస్ దాడి తర్వాత బోమన్ మాట్లాడిన తీరుకి నిజంగా బాధపడ్డవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. వాళ్ళ ఓటు వాళ్ళిష్టం. రోడ్ల బిల్లు పేరు చెప్పి ప్రకటనలు వేయడం దేనికి?

పద్మజ_ఫెయిర్‌ఫాక్స్:

సుధాకర్ గారు చెప్పిన ఓటములన్నీ నిజమే. ఆయుధ కంపెనీల మాటా నిజమే. మా ఆఫీసుకి వాళ్ళూ వచ్చేవారు. ఒక్కటి గమనించండి. ఆ మూడు చోట్లా ఎదురు నిలిచింది అధ్యక్షుడే, దేశమంతా చూస్తుండగా. ఏటేటా వచ్చే పద్దులు, సవరణలు, ఉత్తరాల దగ్గర అధ్యక్షుడు ఉండడు. పత్రికలూ ఉండవు. అక్కడ వీళ్ళు ఓడిన సందర్భాలు నాకు దాదాపు కనబడలేదు. ఓడిన తర్వాత కూడా చూడండి. అవాక్స్ ఓటమి తర్వాతే థామస్ డైన్ నాయకత్వంలో ఆ సంస్థ బాగా పెరిగింది. ఆ అమ్మకానికి ఓటేసిన ఇల్లినాయ్ సెనేటర్ చార్లెస్ పెర్సీ, సెనేట్ విదేశీ సంబంధాల కమిటీ ఛైర్మన్, 1984లో ఓడిపోయాడు. ఆయన ఓటమికి వేరే కారణాలు కూడా ఉన్నాయేమో, కానీ కాపిటల్ హిల్‌లో స్టాఫ్ ఒకరికొకరు చెప్పుకునే కథ మాత్రం పెర్సీ కథే. నేను చేరిన మొదటి నెలలోనే ఒక సీనియర్ నాకు అది చెప్పాడు. నేను అప్పటికి పుట్టనే లేదు.

వాసు గారి మొదటి ప్రశ్న, 2021లో ఎందుకు పెట్టారని. నాకు అర్థమైనంతవరకు, డెమోక్రటిక్ పార్టీలో కింది నుంచి మార్పొచ్చింది. 2008లో జే స్ట్రీట్ వచ్చింది, అది కూడా ఇజ్రాయెల్‌ని కోరుకునే యూదుల సంస్థే, కాకపోతే పాలస్తీనా ప్రాంతాల ఆక్రమణని ప్రశ్నిస్తుంది. 2018 తర్వాత మిషిగన్ నుంచి, మిన్నెసోటా నుంచి, న్యూయార్క్ నుంచి గెలిచి వచ్చిన కొత్త సభ్యులు ఆ డాక్టరుగారి పావుగంట పరిచయంతో మారే రకం కాదు. సాయానికి షరతులు పెట్టాలనే మాట కమిటీ గదుల్లో వినబడటం మొదలైంది. అలాంటివాళ్ళు సభకి రాకముందే ప్రైమరీలో ఆపాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. ప్రైమరీలో ఓట్లేసేవాళ్ళు తక్కువ, కొద్ది వేల ఓట్లు అటూ ఇటూ అయితే సీటు మారిపోతుంది. సూపర్ ప్యాక్‌కి ఖర్చు పరిమితి లేదు, 2010 కోర్టు తీర్పులు ఆ తలుపు తీశాయి. అభ్యర్థితో కలిసి ప్రణాళిక వేయకూడదు, అదే ముఖ్యమైన షరతు.

2022లో మిషిగన్‌లో ఆండీ లెవిన్ ఓటమికి ఈ డబ్బు తోడైంది. ఆయన స్వయంగా యూదుడు, యూదుల ప్రార్థనా మందిరానికి అధ్యక్షుడిగా చేసినవాడు. ఇది యూదులకీ మిగతావాళ్ళకీ మధ్య గొడవ కాదనడానికి ఇంతకంటే ఏం కావాలి? మీ హాస్టల్ గ్రూపులో వాళ్ళకి ముందు ఈ ఒక్క ఎన్నిక గురించి చెప్పండి. డబ్బు పెట్టిన ప్రతిచోటా గెలవలేదు కూడా. అదే ఏడాది పిట్స్‌బర్గ్‌లో సమ్మర్ లీ గెలిచింది. డెట్రాయిట్‌లో మన కర్ణాటకలో పుట్టిన శ్రీ థానేదార్‌కి పోటీగా నిలబడ్డ అభ్యర్థి కోసం 40 లక్షల డాలర్ల దాకా పెట్టారు, థానేదారే గెలిచాడు.

2024లో అభ్యర్థులకు నేరుగా చందాలిచ్చే వాళ్ళ మామూలు ప్యాక్ ద్వారా 361 మంది అభ్యర్థులకు 5.3 కోట్ల డాలర్లకు పైగా అందించామని వాళ్ళే చెప్పుకున్నారు. ఇది సూపర్ ప్యాక్ ఖర్చుకి అదనం.

రావు గారి ప్రశ్నే నాది కూడా. పావుగంట మీటింగ్, ఫోన్ మీద ఫోన్, ఉత్తరం మీద సంతకం, ఇవన్నీ ప్రజాస్వామ్యంలో చేయదగ్గ పనులు. ఆ డాక్టరుగారి మీద నాకు గౌరవం ఉంది. ఆవిడ తన పేరుతో వచ్చి, తనకేం కావాలో నా కళ్ళలోకి చూసి చెప్పింది. "మీతో ఏకీభవించను" అని నేను అనగలను, అన్నాను కూడా ఒకసారి, కాఫీ తాగుతూ గంటసేపు వాదించుకున్నాం. పోస్ట్ బాక్స్‌లో పడే కార్డుతో ఎవరు వాదిస్తారు? ఇజ్రాయెల్ కోసం పెట్టే డబ్బు ఇజ్రాయెల్ పేరు చెప్పకుండా ఖర్చవుతుంటే, గాజాలో వేలమంది పిల్లలు చచ్చిపోతున్న సమయంలో మన పన్నుల డబ్బుతో పంపే బాంబుల గురించి ఓటరు ముందు జరగాల్సిన చర్చ అసలు జరగకుండానే పోయింది. నాకు కోపం అక్కడ.

విదేశీ ఏజెంట్ ప్రశ్న. 1938 నాటి చట్టం ప్రకారం విదేశీ ప్రభుత్వం లేదా విదేశీ సంస్థ ఆదేశం మీదో, అదుపులోనో పనిచేసేవాళ్ళు నమోదు కావాలి. ఏఐప్యాక్‌ని మొదలుపెట్టిన ఐజయా కెనెన్ అంతకుముందు ఇజ్రాయెల్ ప్రభుత్వ సమాచార కార్యాలయంలో పనిచేసినవాడే. 1950లలో అక్కడ మానేసి అమెరికన్ యూదుల సంస్థగా దీన్ని నిలబెట్టాడు. 1962లో న్యాయశాఖ, రాబర్ట్ కెనెడీ మంత్రిగా ఉండగా, దీనికి దగ్గర చుట్టమైన అమెరికన్ జయోనిస్ట్ కౌన్సిల్‌ని విదేశీ ఏజెంట్‌గా నమోదు కమ్మని అడిగింది. ఆ కౌన్సిల్‌కి విదేశాల నుంచి డబ్బు వచ్చేది. ఏఐప్యాక్ వాదన ఏంటంటే, మా డబ్బంతా అమెరికా పౌరులదే, మాకు ఇజ్రాయెల్ ప్రభుత్వం ఆదేశాలివ్వదు అని. చట్టం అక్షరాలా చూస్తే ఆ వాదన నిలబడుతోంది. ఒప్పుకోనివాళ్ళు చాలామంది ఉన్నారు. పరీక్షలో రెండు వైపులా రాయండి.

నల్లగొండ_నరేష్:

అక్కా, ఒక మాట అడగనా. మేం గ్రీన్‌కార్డు లైన్లో ఏళ్ళకేళ్ళు నిలబడి ఉన్నాం. దేశానికి ఏడు శాతం అనే పరిమితి వల్ల మనోళ్ళ పిల్లలు ఇక్కడే పెరిగి 21 ఏళ్ళు నిండగానే వీసా పోగొట్టుకుంటున్నారు. 2019లో ప్రతినిధుల సభలో ఆ పరిమితి తీసేసే బిల్లు 365-65తో గెలిచింది, సెనేట్ 2020 డిసెంబర్‌లో మార్పులతో ఒప్పుకుంది, కానీ రెండు సభలూ ఒకే రూపానికి రాక చచ్చిపోయింది. మనకు ఇన్ని సంఘాలున్నయ్, రెండేండ్లకోసారి పదివేల మందితో సభలు పెడతరు. మనం ఇట్ల ఎందుకు చేయలేకపోతున్నం?

పద్మజ_ఫెయిర్‌ఫాక్స్:

నరేష్, చేయకూడదని ఏం లేదు. చేసినవాళ్ళూ ఉన్నారు. 2002లో పుట్టిన భారతీయ అమెరికన్ల రాజకీయ సంస్థ ఒకటి ఏఐప్యాక్‌ని చూసే తన పద్ధతి దిద్దుకుంది. 2008లో అణు ఒప్పందం కాంగ్రెస్‌లో గట్టెక్కడానికి మనవాళ్ళు ఆఫీసుల చుట్టూ బాగానే తిరిగారు.

గ్రీన్‌కార్డు విషయంలో అసలు చిక్కు, లైన్లో ఉన్నవాడికి ఓటు లేదు. ఎన్నికల్లో చందా ఇవ్వడానికీ చట్టం ఒప్పుకోదు, దానికి గ్రీన్‌కార్డో పౌరసత్వమో ఉండాలి. పౌరసత్వం వచ్చినవాడికి ఆ లైన్ గుర్తుండదు. నేను పనిచేసిన కాలంలో మా నియోజకవర్గంలో తెలుగు ఇళ్ళు వందల్లో ఉండేవి. ఈ బిల్లు గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వీసా మీద ఉన్నవాళ్ళవే. వాటికి జవాబు రాసింది నేనే, "మీ అభిప్రాయం సభ్యుడి దృష్టికి తెచ్చాం" అని. తెచ్చాను కూడా. "వీళ్ళు మన ఓటర్లేనా?" అన్నదే ఆయన అడిగిన మొదటి మాట. మీ వీధిలో పౌరసత్వం వచ్చిన అయిదుగురిని వెంటబెట్టుకుని, బిల్లు నంబరు కాగితం మీద రాసుకుని, మీ సభ్యుడి లోకల్ ఆఫీసుకి ఈ నెలలోనే వెళ్ళు. వాషింగ్టన్ దాకా రానక్కర్లేదు. ఫోన్ నంబరు తీసుకో, వారం తిరక్కుండా ఫోన్ చెయ్యి.

గుంటూరు_వాసు:

ఆఖరుగా ఒకటి మేడం. గాజా తర్వాత ఈ బలం తగ్గిందంటున్నారు. అది రాయొచ్చా?

పద్మజ_ఫెయిర్‌ఫాక్స్:

ఓట్లు చూపించి రాయండి. 2021 సెప్టెంబర్‌లో ఇజ్రాయెల్ మీదికొచ్చే రాకెట్లను ఆపే ఐరన్ డోమ్‌కి 100 కోట్ల డాలర్లు అదనంగా ఇవ్వాలన్న బిల్లు ప్రతినిధుల సభలో 420-9తో గెలిచింది. 2025 జులై చివర్లో బెర్నీ శాండర్స్ ఇజ్రాయెల్‌కి రైఫిళ్ళ అమ్మకం ఆపాలని సెనేట్‌లో తీర్మానం పెడితే ఓడిపోయింది, కానీ 27 మంది డెమోక్రాట్ల వైపు సెనేటర్లు దానికి ఓటేశారు. ఆ వైపు సగానికి పైనే అన్నమాట. అదే ఏడాది అక్టోబర్‌లో మసాచుసెట్స్ సభ్యుడు సెత్ మౌల్టన్ ఏఐప్యాక్ చందాలు తిరిగిచ్చేస్తానన్నాడు. నా రోజుల్లో ఎవరైనా ఆ మాట బయటికి అనగలరని ఊహించేవాళ్ళం కాదు. కానీ ఈ గొడవంతా నడుస్తుండగా కూడా ఏటా ఇచ్చే 380 కోట్లు మాత్రం ఆగలేదు. రెండూ రాయండి.

అన్నట్టు మీరు చెప్పిన ఆ 30 లక్షల లెక్క ఎక్కడిదో మీరే చూడొచ్చు. లాబీయింగ్ నివేదికలు మూడు నెలలకోసారి, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ 20వ తేదీకల్లా దాఖలు చేయాలి. సెనేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఏ బిల్లుల మీద మాట్లాడారో అందులో నంబర్లతో సహా ఉంటుంది. ఒక ఏడాదివి నాలుగూ దించుకుని, ఆ బిల్లులు చివరికి ఏమయ్యాయో కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో పక్కన పెట్టి చూడండి. అర్థం కానివి ఉంటే ఇక్కడే అడగండి, వారాంతంలో చూసి చెప్తాను.